పాత కాగితాన్ని ముందు విచారించండి, తర్వాతే కోడ్ వేయండి: చారిత్రక పరిశోధన, గుణాత్మక విషయ విశ్లేషణకు సమగ్ర మార్గదర్శి

1918 మే నెలలో స్పెయిన్ పత్రికలు ఒక కొత్త జ్వరం గురించి రాయడం మొదలుపెట్టాయి. రాజు పదమూడవ అల్ఫోన్సోకు కూడా అది తగిలింది. అప్పటికే అమెరికా సైనిక శిబిరాల్లో, ఫ్రాన్స్‌లో అదే జ్వరం తిరుగుతోంది. కానీ అవి యుద్ధంలో ఉన్న దేశాలు. జనం, సైనికులు బెంబేలెత్తే వార్తలు అచ్చు కాకుండా అక్కడ సెన్సార్ కాపలా కాసింది. స్పెయిన్ తటస్థ దేశం కాబట్టి అక్కడి పత్రికలు ఉన్నదున్నట్టు రాశాయి. దాంతో ఆ మహమ్మారికి స్పానిష్ ఫ్లూ అన్న పేరు పడిపోయింది.

ఇప్పుడొక పరిశోధకుడు ఆ ఏడాది పత్రికలన్నీ ముందేసుకుని, ఏ దేశంలో ఈ జబ్బు వార్తలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాడనుకోండి. స్పెయినే ముందుంటుంది. కోడింగ్, అంటే పాఠంలోని ఒక్కో ముక్కకూ అర్థాన్ని బట్టి ఒక వర్గం పేరు (కోడ్) వేయడం, చక్కగా ఉంటుంది, పట్టిక అందంగా ఉంటుంది, తేల్చిన విషయం మాత్రం తప్పు. ఆ కాగితం ఎవరి నిఘా కింద అచ్చయిందో అతను అడగలేదు.

చారిత్రక పరిశోధన ఒక చోట, విషయ విశ్లేషణ (పాఠాన్ని ఇలా కోడ్‌లుగా విడదీసి చదివే పద్ధతి) ఇంకో చోట నేర్చుకుని, రెండింటినీ థీసిస్‌లో పక్కపక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. మూడో అధ్యాయంలో ఆధారాల గురించి రెండు పేజీలుంటాయి. నాలుగో అధ్యాయం తెరిస్తే అవన్నీ మర్చిపోయి కోడ్‌లు, శాతాలు. ఆధారాన్ని విచారించడం ఒకసారి చేసి వదిలేసే పని కాదని నా అభిప్రాయం. ఆ విచారణలో తేలిన సంగతులు కోడింగ్ షీట్‌లో గడులుగా చేరాలి, చివరి వాదన దాకా వెంట రావాలి. ఎక్కడెక్కడ ఎలా చేర్చాలో అడుగడుగునా చూద్దాం. ఉదాహరణకు 1918-19 ఇన్‌ఫ్లుయెంజానే తీసుకుంటాను. దాని మీద పత్రికలూ ఉన్నాయి, ప్రభుత్వ కాగితాలూ ఉన్నాయి, ఉత్తరాలూ ఉన్నాయి. పైగా వాటిలో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

1. ప్రశ్నను ఆధారానికి తగ్గట్టు బిగించండి

"1918 మహమ్మారి, పత్రికలు" అనేది అంశం. ప్రశ్న కాదు. "1918 సెప్టెంబరు నుంచి 1919 ఫిబ్రవరి వరకు రెండు అమెరికా నగరాల దినపత్రికలు జబ్బు వ్యాప్తికి బాధ్యత ఎవరిదని చూపించాయి? నెలలు గడిచేకొద్దీ అది ఎలా మారింది?" అంటే అది ప్రశ్న. అందులో కాలం ఉంది, చోటు ఉంది, ఆధారం ఏదో ఉంది, వెతకాల్సిన సంగతి ఉంది. మార్పు గురించి అడిగింది కాబట్టి చరిత్ర కూడా ఉంది.

ఇక్కడే ఒక హద్దు గీసుకోవాలి. పత్రికలు చదివితే పత్రికలు ఏం రాశాయో తెలుస్తుంది. జనం ఏం నమ్మారో తెలియదు. "ప్రజలు భయపడ్డారా?" అన్నది మీ ప్రశ్న అయితే మీకు కావలసింది ఉత్తరాలు, డైరీలు, ఫిర్యాదు అర్జీలు. సంపాదకీయాలు కాదు. ఈ తేడా మొదట్లో చాలా చిన్నదిగా కనిపిస్తుంది. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్న మాత్రం దీని మీదే పడుతుంది.

2. ముందు ఇతరులు రాసింది చదవండి, కానీ అందులోనే ఉండిపోకండి

మంచి చరిత్ర పుస్తకాలు రెండు మూడు, ఇటీవలి వ్యాసాలు ఓ పది చాలు మొదలుపెట్టడానికి. వాటి వాదన కంటే ముందు వాటి అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) చూడండి. ఏ ఆర్కైవ్ (పాత కాగితాల భాండాగారం), ఏ శాఖ కాగితాలు, ఏ పత్రిక సంచికలు వాడారో అక్కడే ఉంటుంది. అందరూ ఒకే పత్రికను ఉటంకిస్తుంటే అది ముఖ్యమైన పత్రిక కావడం వల్లనో, ముందుగా డిజిటైజ్ అయింది కావడం వల్లనో తెలుసుకోండి. చాలాసార్లు రెండోదే కారణం.

3. ఏముందో, ఏం లేదో రాసి పెట్టుకోండి

హైతీకి చెందిన మానవశాస్త్రవేత్త మిషెల్-రోల్ఫ్ త్రూయో చరిత్రలోకి మౌనం నాలుగు చోట్ల ప్రవేశిస్తుందని చెప్పాడు. సంఘటన కాగితం మీదికి ఎక్కేటప్పుడు, ఆ కాగితాలను ఆర్కైవ్‌లో చేర్చేటప్పుడు, వాటిలోంచి కథనం కోసం ఏరుకునేటప్పుడు, చివరికి ఏది ముఖ్యమని తేల్చేటప్పుడు. పరిశోధకుడికి ఇది సిద్ధాంతం కంటే చెక్‌లిస్టుగా ఎక్కువ పనికొస్తుంది. ఒక పేజీని నాలుగు భాగాలు చేసి, మీ అంశానికి ఒక్కో చోట ఎవరి గొంతు జారిపోయి ఉంటుందో రాసుకోండి.

ఫ్లూ విషయంలో చూడండి. చనిపోయినవారి లెక్కలు ఉన్నాయి కదా అనుకుంటాం. ఫ్లూ వచ్చి, అది న్యుమోనియాకు తిరిగి చనిపోయినవారు చాలామంది. మరణ కారణం దగ్గర ఒక వైద్యుడు ఇన్‌ఫ్లుయెంజా అని రాస్తే ఇంకో వైద్యుడు న్యుమోనియా అని రాశాడు. అందుకే చరిత్రకారులు రెండూ కలిపి చూస్తారు. లేదా మామూలు ఏళ్ల కంటే ఆ ఏడాది మరణాలు ఎన్ని పెరిగాయో లెక్కిస్తారు. ఇంకో సంగతి, అమెరికాలో మరణాల నమోదు వ్యవస్థలోకి రాష్ట్రాలన్నీ వచ్చేసరికి 1933 అయింది. అంటే 1918 జాతీయ సంఖ్య అని కనిపించేది నిజానికి నమోదు ఉన్న ప్రాంతాల సంఖ్య. ఈ విషయం పట్టిక కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. సన్న అక్షరాలు చదవండి.

4. ఆర్కైవ్‌లో పని

వెళ్లే ముందే ఆర్కైవ్ వాళ్ల జాబితా చదవాలి. గ్రంథాలయంలో పుస్తకాలు విషయం ప్రకారం ఉంటాయి. ఆర్కైవ్‌లో కాగితాలు పుట్టిన చోటును బట్టి ఉంటాయి. ఆరోగ్య శాఖ కాగితాలు ఒక దగ్గర, పోలీసు శాఖవి ఇంకో దగ్గర. "ఫ్లూ" అనే పెట్టె ఎక్కడా ఉండదు. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ జబ్బు వల్ల ఏ ఆఫీసు కాగితం రాయాల్సి వచ్చి ఉంటుంది? ఆరోగ్య శాఖ సరే. బళ్లు మూసినందుకు విద్యాశాఖ, శవపేటికల కొరత వచ్చినందుకు నగర పాలన, ఆపరేటర్లు మంచాన పడ్డందుకు టెలిఫోన్ కంపెనీ కూడా రాసి ఉండాలి. సంపద ఎక్కువగా ఇలాంటి పక్కదారుల్లోనే దొరుకుతుంది.

ఫొటోలు తీసే క్రమం ఒకటి అలవాటు చేసుకోండి. ముందు పెట్టె మీది లేబుల్, తర్వాత ఫోల్డర్ మీది లేబుల్, తర్వాత కాగితాలు వరుసగా, ముందూ వెనకా. వెనక ఏమీ లేకపోయినా తీయండి. రబ్బరు స్టాంపు, చేరిన తేదీ, ఎవరో అధికారి పెన్సిల్‌తో రాసిన రెండు ముక్కలు సాధారణంగా వెనకే ఉంటాయి. కాగితాల వరుస మార్చకండి. ఒక ఉత్తరం ఏ నోట్ తర్వాత ఉందన్నది కూడా ఆధారమే. ఇంటికొచ్చాక ఫొటోల్ని సర్దుకోవడానికి ట్రోపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. పుస్తకాలకు, వ్యాసాలకు జొటెరో. చేతిరాతను అచ్చులోకి మార్చడానికి ట్రాన్స్‌క్రిబస్ ఉంది. అది ఇచ్చినదాన్ని మూలంతో పోల్చకుండా మాత్రం ఉటంకించవద్దు.

ఆన్‌లైన్ పత్రికలతో ఇంకో రకం టెన్షన్. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికాలో లక్షల పేజీలు ఉచితం. మిషిగన్ విశ్వవిద్యాలయం 1918-19 మహమ్మారి మీద ప్రత్యేకంగా ఒక డిజిటల్ ఎన్‌సైక్లోపీడియానే పెట్టింది. కానీ వెతుకులాట పని చేసేది యంత్రం చదివిన అక్షరాల మీద. సిరా పాకిన పేజీలో యంత్రానికి ఏ మాట ఎలా కనిపించిందో ఎవరు చూశారు? పైగా ఆనాటి మాట వేరు కావచ్చు. ఈ జబ్బునే కొందరు ఇన్‌ఫ్లుయెంజా అన్నారు, కొందరు 1889-90 నాటి మహమ్మారి నుంచి అలవాటైన గ్రిప్ అన్నారు, స్పెయిన్‌లో నేపుల్స్ సిపాయి అని ఎగతాళిగా పిలిచారు. వెతికే మాటల పట్టిక తయారు చేయాలంటే ముందు కొన్ని సంచికలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ప్రకటనలతో సహా, చదవక తప్పదు. ఆ పనికి అడ్డదారి లేదు. చదివితే ఇంకో లాభం కూడా ఉంది. యుద్ధ వార్తలు మొదటి పేజీ నిండా ఉంటే, జబ్బు వార్త ఏ మూలన పడిందో కంటికి కనిపిస్తుంది. వెతుకులాట ఫలితం ఆ పేజీని కత్తిరించి వార్త ఒక్కటే చూపిస్తుంది.

5. కాగితాన్ని విచారించండి

చరిత్రకారులు దీన్ని రెండుగా చేస్తారు. బాహ్య విమర్శ అంటే ఈ కాగితం తనేదని చెప్పుకుంటోందో అదేనా అని చూడటం. అంతర్గత విమర్శ అంటే, అదే అయితే, అది చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చూడటం.

బాహ్య విమర్శకు పాత ఉదాహరణ 1440 నాటిది. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యాన్ని పోప్‌కు రాసిచ్చాడని చెప్పే దానపత్రం నకిలీదని లొరెంజో వల్లా దాని లాటిన్ భాషను పట్టుకుని చూపించాడు. ఆ కాలపు రోమన్లు వాడని మాటలు అందులో ఉన్నాయి. అంతకంటే నేర్పేది ఎక్కువున్నది 1983 నాటి హిట్లర్ డైరీల వ్యవహారం. పశ్చిమ జర్మనీ పత్రిక స్టెర్న్ ఆ ఏప్రిల్‌లో హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించింది. చేతిరాత నిపుణులు సరిపోయిందన్నారు. సరిపోకేం? పోల్చి చూడటానికి వాళ్లకిచ్చిన "అసలు" నమూనాల్లో కూడా అదే ఫోర్జరీగాడు కొన్రాడ్ కుజావు రాసినవి ఉన్నాయి. చివరికి పట్టించింది కాగితం. రెండో ప్రపంచయుద్ధం తర్వాతే వాడకంలోకి వచ్చిన తెల్లదనపు రసాయనం అందులో ఉందని పరీక్షల్లో తేలింది. ప్రకటించిన రెండు వారాల్లోనే గుట్టు బయటపడింది.

మీకు ఫోర్జరీ తగలడం అరుదు. కానీ ఆ పొరపాటు రూపం మాత్రం రోజూ తగులుతుంది. రెండు పత్రికలు ఒకే మాట రాశాయి కాబట్టి నిజమే అనుకుంటాం. తీరా చూస్తే రెండూ ఒకే వార్తా సంస్థ తంతిని అచ్చేసి ఉంటాయి. రెండు ఆధారాలు ఒకదాన్నొకటి బలపరచాలంటే అవి ఒకే చోట పుట్టినవి కాకూడదు.

అంతర్గత విమర్శకు ఫిలడెల్ఫియా మంచి పాఠం. 1918 సెప్టెంబరు 28న అక్కడ యుద్ధ బాండ్ల కోసం పెద్ద ఊరేగింపు జరిగింది. దాదాపు 2 లక్షల మంది వచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి, అక్టోబరు మొదటి వారంలో బళ్లు, చర్చిలు, థియేటర్లు మూసేశారు. ఆ వారం పత్రికల్లో అధికారులు ధైర్యం చెప్పే మాటలు చదివి "నగరం ప్రశాంతంగా ఉంది" అని రాస్తే అది పరిశోధన కాదు. ఆ అధికారి ఎవరు, ఏ తేదీన, ఎవరిని ఉద్దేశించి అన్నాడు, అలా అనడం వల్ల అతనికి ఏం ఒరుగుతుంది, అప్పటికి అతని చేతిలో ఏ లెక్కలున్నాయి అని అడగాలి. 1918 మేలో వచ్చిన రాజద్రోహ చట్టం కింద ప్రభుత్వం మీద, యుద్ధం మీద కొన్ని రకాల మాటలు అచ్చేస్తే జైలు. ఆ చట్టం ఫ్లూ గురించి కాదు. అయినా సంపాదకుడి వెనక నిలబడి చూస్తూనే ఉంది.

ప్రతి ఆధారానికీ ఒక చిన్న విచారణ పత్రం రాయండి. ఎవరు రాశారు, ఎవరికోసం, సంఘటనకు ఎన్ని రోజుల తర్వాత, కళ్లారా చూసి రాశారా విని రాశారా, ఏ చట్టం లేదా ఏ యజమాని నీడలో రాశారు, ఈ కాపీ మన దాకా ఎలా వచ్చింది. ఆరు వాక్యాలు చాలు. ఇదే తర్వాత కోడింగ్ షీట్‌లోకి వెళుతుంది.

6. ఏవి చదవాలి, ఏవి వదిలేయాలి

ఆరు నెలలు, రెండు నగరాలు, నాలుగు దినపత్రికలు అంటే వందల సంచికలు. అన్నీ చదవగలిగితే చదవండి. లేకపోతే నమూనా తీయాలి. పత్రికల అధ్యయనాల్లో కృత్రిమ వారం అనే పద్ధతి బాగా వాడతారు. మొత్తం కాలంలోని సోమవారాల్లోంచి ఒకటి, మంగళవారాల్లోంచి ఒకటి, అలా ఆదివారం దాకా చీటీలు తీసినట్టు ఎంచుకుని ఒక వారం కూర్చడం. దినపత్రికలో వారం రోజులూ ఒకేలా ఉండవు కాబట్టి ఈ ఏర్పాటు. ఒక ఏడాది దినపత్రికకు రెండు కృత్రిమ వారాలు సరిపోతాయని 1993లో డేనియల్ రిఫ్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం చూపింది.

అయితే ఆ లెక్క మామూలు ఏడాదికి. మహమ్మారి, సమ్మె, తిరుగుబాటు వంటివి రోజుల్లో పెరిగి రోజుల్లో తగ్గుతాయి. అక్కడ కృత్రిమ వారం వేస్తే అసలు మలుపు తిరిగిన రోజే జారిపోవచ్చు. ఇలాంటప్పుడు నేనైతే ఉధృతంగా ఉన్న ఆరు వారాలూ పూర్తిగా చదివి, ముందూ వెనకా కాలానికి మాత్రమే నమూనా వేస్తాను. ఎందుకలా చేశారో పద్ధతి అధ్యాయంలో చెప్పేస్తే ఎవరూ తప్పుపట్టరు.

7. కోడ్‌బుక్ తయారీ

కోడ్‌ల పేర్లు, వాటిని వేసే నియమాలు రాసిపెట్టుకునేదే కోడ్‌బుక్. విషయ విశ్లేషణ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం తెలిస్తే చాలా గందరగోళం తగ్గుతుంది. 1952లో బెర్నార్డ్ బెరెల్సన్ విషయ విశ్లేషణ అంటే పైకి కనిపించే విషయాన్ని నిష్పక్షపాతంగా, క్రమబద్ధంగా, అంకెల్లో వర్ణించడం అన్నాడు. అదే ఏడాది జీగ్‌ఫ్రీడ్ క్రకావర్ దానికి అడ్డం తిరిగాడు. అంకెల మోజులో పడితే మొత్తం పాఠంలో ఉన్న అర్థం చేజారుతుందన్నాడు. గుణాత్మక విషయ విశ్లేషణ అన్న ఆలోచనకు అది తొలి గట్టి వాదన. 1983లో జర్మన్ పండితుడు ఫిలిప్ మాయ్‌రింగ్ దాన్ని అంచెలంచెల పద్ధతిగా కూర్చాడు. 2005లో హ్సీ, షానన్ మూడు దారులు చూపారు: పాఠంలోంచే కోడ్‌లు పుట్టించడం, ఉన్న సిద్ధాంతం నుంచి కోడ్‌లు తెచ్చుకోవడం, మాటల్ని లెక్కపెట్టి తర్వాత వాటి వాడుకను వివరించడం.

ఆచరణలో మొదటి రెండూ కలిసే నడుస్తాయి. సిద్ధాంతం నుంచి నాలుగైదు పెద్ద వర్గాలు తెచ్చుకోండి. మీ సామగ్రిలో పదోవంతు చదువుతూ వాటి లోపలి చిన్న వర్గాలను పాఠం నుంచే పుట్టించండి. పూర్తిగా ఖాళీ బుర్రతో మొదలుపెట్టాను అనేవాళ్లను నేను నమ్మను. ప్రశ్న వేసుకున్నప్పుడే సగం వర్గాలు తలలో ఉంటాయి. వాటిని కాగితం మీద పెట్టడమే నిజాయితీ.

మన ప్రశ్నకు "బాధ్యత" పెద్ద వర్గం. దాని కింద పాలకుల నిర్లక్ష్యం, జనం అలవాట్లు, బయటివాళ్లు లేదా శత్రువు, ప్రకృతి లేదా దైవం, ఎవరిదీ కాదు అనే ఐదు. ఒక్కో దానికీ నాలుగు సంగతులు రాయాలి: నిర్వచనం, ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వేయకూడదు, ఒక నమూనా వాక్యం. మూడోదాన్ని బద్ధకించి వదిలేస్తారు. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

ఒక వాక్యం తీసుకుందాం. ఇది పత్రికలోది కాదు, నేర్చుకోవడానికి నేను కట్టింది.

"భయపడాల్సిందేమీ లేదని, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోని అజాగ్రత్తపరుల వల్లే జబ్బు పాకుతోందని నగర ఆరోగ్యాధికారి చెప్పారు."

తొందరలో ఉన్న కోడర్ దీనికి "జనం అలవాట్లు" అని వేసి ముందుకు పోతాడు. కాస్త ఆగి చూడండి. ఈ వాక్యంలో రెండు పనులున్నాయి: ఊరడింపు ఒకటి, నింద ఒకటి. రెండింటికీ వేరే కోడ్‌లు కావాలి. నింద వేసింది పత్రికా, అధికారా? మాట అధికారిది, పత్రిక దాన్ని మోసింది. పత్రిక తన సొంత గొంతుతో అదే మాట సంపాదకీయంలో రాస్తే దాని బరువు వేరు. అందుకే "మాట ఎవరిది" అనే గడి కోడ్‌తో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. పత్రిక, అధికారి, వైద్యుడు, పాఠకుడి లేఖ, ప్రకటనదారు. నింద పడిన "అజాగ్రత్తపరులు" ఎవరో వాక్యంలో లేదు. పక్క వాక్యాల్లో ఒక పేటవాళ్లనో వలస వచ్చినవాళ్లనో చూపిస్తే "బయటివాళ్లు" కూడా పడుతుంది. చూపించకపోతే పడదు. ఊహించి వేయకూడదు. ఈ మాట కోడ్‌బుక్‌లో రాసి ఉండాలి.

ఇప్పుడు ఐదో అడుగులో రాసిన విచారణ పత్రాన్ని తెచ్చి ఇక్కడ కలపండి. ప్రతి వార్తకూ తేదీ, పేజీ, రచన రకం, స్థానిక విలేఖరి రాసిందా తంతి వార్తా, అధికారిక ప్రకటన ఉన్నదున్నట్టు అచ్చేశారా, ఆ తేదీకి ఏ ఆంక్షలు అమల్లో ఉన్నాయి అనే గడులు. రచన రకం అంటే వార్తా, సంపాదకీయమా అన్నది మాత్రమే కాదు. ఆనాటి మందుల ప్రకటనలు చాలావరకు వార్త వేషంలోనే ఉండేవి. శీర్షిక, వైద్యుడి మాట, లక్షణాల వివరం అన్నీ పెట్టి చివర మందు పేరు చెప్పేవి. దాన్ని వార్తగా కోడ్ చేస్తే ఫలితం వంకరపోతుంది.

ఏ ముక్కకు కోడ్ వేయాలో కూడా ముందే తేల్చుకోండి. వాక్యం మరీ చిన్నది, వార్త మొత్తం మరీ పెద్దది. ఒక మాట ఎవరి నోటి నుంచి మొదలై ఎవరి దగ్గర ఆగిందో, అంతవరకు ఒక ముక్క అనుకుంటే పత్రికలకు బాగా పనిచేస్తుంది.

8. ఇద్దరు వేరువేరుగా వేసి చూడండి

ఒక్కరే కోడ్ చేస్తే పద్ధతి మీ తలలో ఉంటుంది, కోడ్‌బుక్‌లో కాదు. ఇంకొకరికి కోడ్‌బుక్ ఇచ్చి, నోటితో ఏమీ చెప్పకుండా, అవే ముక్కలు కోడ్ చేయమనండి. తర్వాత పోల్చండి.

శాతం చూసి మురిసిపోవద్దు. 100 ముక్కల్లో "బయటివాళ్ల మీద నింద ఉందా లేదా" అని ఇద్దరూ చూశారనుకుందాం. 10 ముక్కల్లో ఇద్దరూ ఉందన్నారు, 80లో ఇద్దరూ లేదన్నారు, 5 చోట్ల మొదటివారు మాత్రమే ఉందన్నారు, 5 చోట్ల రెండోవారు మాత్రమే. ఏకాభిప్రాయం 90 శాతం. కానీ ఒక్కొక్కరూ 15 చోట్ల ఉందన్నారు, 85 చోట్ల లేదన్నారు. గుడ్డిగా వేసినా కలిసే అవకాశం 0.15 × 0.15, 0.85 × 0.85 రెండూ కలిపితే 0.745. కోహెన్ కప్పా అనే కొలత ఈ అదృష్టపు వాటాను తీసేస్తుంది: 0.90 లోంచి 0.745 తీసేసి, వచ్చిన 0.155ను మిగిలిన 0.255తో భాగిస్తే 0.61 వస్తుంది. ఘనంగా కనిపించిన 90 ఇంతే. అరుదుగా వచ్చే వర్గాలన్నిటితో ఇదే జరుగుతుంది. చారిత్రక పరిశోధనలో ముఖ్యమైన వర్గాలు తరచుగా అరుదైనవే.

ఎంత రావాలి అంటే, విషయ విశ్లేషణ పండితుడు క్లాస్ క్రిపెన్‌డార్ఫ్, కోడర్ల ఏకాభిప్రాయానికే తను చేసిన ఆల్ఫా అనే ఇంకో కొలతకు 0.80 కావాలని, 0.667 నుంచి 0.80 మధ్య వస్తే ఆచితూచి మాత్రమే మాట్లాడాలని చెప్పాడు. గుణాత్మక పరిశోధనలో ఈ అంకె అవసరమే లేదనేవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో అంకె కంటే ఆ పది తేడాలు విలువైనవి. ఒక్కొక్కటీ తీసి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే నిర్వచనంలోని చిల్లు కనిపిస్తుంది. కోడ్‌బుక్ మార్చండి, మార్చిన తేదీ, కారణం రాయండి, పాత ముక్కల్ని మళ్లీ కోడ్ చేయండి. ఆ చివరి పని ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా చేయాలి.

9. అసలు కోడింగ్

కోడింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎన్‌వివో, మ్యాక్స్‌క్యూడీఏ, అట్లాస్ టీఐ డబ్బు పెట్టి కొనేవి. ట్యాగెట్, క్వాల్‌కోడర్ ఉచితం. రెండు మూడు వందల ముక్కలకు మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. కోడ్ వేస్తూ వేస్తూ ఏదైనా తట్టినప్పుడు ఆపి అక్కడే నాలుగు ముక్కల మెమో రాయండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే అది తిరిగి రాదు.

ఏఐతో కోడ్ చేయించవచ్చా? మొదటి జల్లెడకు, అంటే జబ్బు ప్రస్తావన ఉన్న ముక్కల్ని ఏరడానికి, పనికొస్తుంది. అర్థం తేల్చే కోడ్‌లకు దాన్ని రెండో కోడర్‌గా మాత్రమే చూడండి. మీరు చేతితో వేసిన ముక్కలతో పోల్చండి. వాడిన మోడల్, తేదీ, ఇచ్చిన సూచన అక్షరం పొల్లుపోకుండా దాచండి. ఆనాటి వ్యంగ్యాన్ని నేటి అర్థంలో చదివేయడం దానికి చాలా తేలిక.

10. కోడ్‌ల నుంచి వాదనకు

ముందు కాలాన్ని ఒక వైపు, వర్గాలను ఇంకో వైపు పెట్టి గళ్ల పట్టిక గీయండి. వారం వారం ఏ వర్గం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చూడండి. తర్వాత అదే పట్టికను తంతి వార్తలు తీసేసి మళ్లీ గీయండి. అధికారిక ప్రకటనలు తీసేసి ఇంకోసారి గీయండి. కోడ్‌బుక్‌లో ఆ గడులు పెట్టుకున్నది ఇందుకే. "అక్టోబరులో పత్రికలు జనాన్ని నిందించాయి" అన్న వాక్యం, అధికారుల మాటలు తీసేయగానే మాయమైతే, మీరు కనుక్కున్నది పత్రికల వైఖరి కాదు, ఆరోగ్య శాఖ ప్రచారం. అదీ మంచి ఫలితమే. కానీ వేరే ఫలితం.

మొదటిసారి వచ్చిన చోటును, అసలు రాని చోటును ప్రత్యేకంగా చూడండి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ ప్రచారాన్ని విశ్లేషించిన అమెరికన్ల పనిని తర్వాత పరిశీలించిన అలెగ్జాండర్ జార్జ్ ఈ సంగతే నొక్కి చెప్పాడు: ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందన్న దానికంటే వచ్చిందా లేదా అన్నదే కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1918 అక్టోబరులో మాస్కు తప్పనిసరి చేశారు, నవంబరులో తీసేశారు, 1919 జనవరిలో మళ్లీ పెట్టారు. ఆ రెండోసారి మాస్కు వ్యతిరేక సంఘమే పుట్టింది. అదే ఆదేశం, అదే ఊరు. మొదటిసారి కంటే రెండోసారి ఎదిరింపు ఎందుకు పెరిగింది? మధ్యలో యుద్ధం ముగిసింది. దేశం కోసం మాస్కు కట్టుకోండి అన్న మాటకు ఆ తర్వాత పట్టు తగ్గి ఉంటుందా? ఇది పరీక్షించదగిన ఊహ. కోడ్‌లలో "దేశభక్తి" వర్గం నవంబరు తర్వాత పడిపోతే కొంత బలం వస్తుంది. పడిపోకపోతే ఊహను వదులుకోవాలి. జనం విసిగిపోయారు, కేసులు తగ్గాయి, వ్యాపారులు ఒత్తిడి తెచ్చారు అనే పోటీ కారణాలను కూడా అంతే కఠినంగా చూడాలి. మీ వాదనకు ఎదురు నిలిచే ముక్కల్ని వేరే ఫోల్డర్‌లో పోగేయండి. అధ్యాయం రాసేటప్పుడు ముందు ఆ ఫోల్డరే తెరవండి.

11. రాయడం

చెప్పే మాటకు మెట్లున్నాయి. "ఫలానా పత్రిక ఫలానా తేదీన ఇలా రాసింది" మొదటి మెట్టు. "నేను చదివిన పత్రికల్లో ఇలా ఎక్కువగా కనిపించింది" రెండోది. "ఆ నగరంలో ప్రజాభిప్రాయం ఇలా ఉంది" మూడోది. పత్రికలతో మొదటి రెండు మెట్లే ఎక్కగలం. మూడోదానికి ఉత్తరాలు, డైరీలు, వాంగ్మూలాలు కావాలి. అవి ఉన్నా ఎవరు రాయగలిగారు, ఎవరివి దాచారు అన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

ఉటంకింపుల్లో పేర్ల విషయం జాగ్రత్త. చనిపోయిన మామూలు మనుషుల ఆసుపత్రి రికార్డుల్లో పేర్లుంటే, చట్టం అనుమతించినా, వాదనకు అవసరం లేకపోతే తీసేయండి. బతికున్నవారిని ఇంటర్వ్యూ చేస్తే, మీరు నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వండి. ఉత్తర ఐర్లండ్ హింసాకాండ మీద బోస్టన్ కాలేజీ సేకరించిన మౌఖిక చరిత్ర టేపుల్ని, ఇంటర్వ్యూ ఇచ్చినవారు చనిపోయేదాకా బయటపెట్టబోమని వారికి చెప్పినా, 2011లో కోర్టు నోటీసులు అడిగాయి.

ఆధారాన్ని చూపేటప్పుడు ఆర్కైవ్ పేరు, సేకరణ, శ్రేణి, పెట్టె, ఫోల్డర్, పత్రం, తేదీ ఉండాలి. డిజిటల్ కాపీ చూస్తే డిజిటల్ కాపీ చూశానని, చూసిన తేదీతో రాయాలి. పద్ధతి అధ్యాయంలో నమూనా ఎలా తీశారో, కోడ్‌బుక్ ఎన్నిసార్లు ఎందుకు మారిందో, ఇద్దరు కోడర్లు ఎక్కడ విభేదించారో చెప్పండి. అనుబంధంలో పూర్తి కోడ్‌బుక్, ఒక విచారణ పత్రం నమూనా, కోడ్ చేసిన ఒక వార్త మొత్తం పెట్టండి. కోడ్‌బుక్ పాత రూపాలు, మెమోలు, ముడి స్ప్రెడ్‌షీట్ తేదీలతో సహా ఏదైనా విశ్వవిద్యాలయ డేటా భండారంలో దాఖలు చేసి, దాని శాశ్వత లింకును థీసిస్ మొదటి అధోజ్ఞాపికలో ఇవ్వండి.